పలక మీద అంకె స్పష్టంగానే ఉంది

మొన్న కంటి ఆసుపత్రిలో చుక్కలు వేయించుకుని నా వంతు కోసం కూర్చుంటే, గోడమీది టీవీలో సముద్రపు అడుగు కనిపించింది. పచ్చటి పీపాలాంటి యంత్రమొకటి పగడపు దిబ్బల మీదుగా చేపలా పోతూ అడుగడుక్కీ ఫొటో తీస్తోంది. వాటన్నిటినీ కంప్యూటరు పక్కపక్కన అతికించి, ఇది బతికున్న పగడం, ఇది చచ్చినది, ఇది ఇసుక, ఇది గడ్డి అని రంగులు వేసి పటం గీస్తుందట. తీసిన వేల ఫొటోల్లో ఒక్కటి కూడా పారేయరని, మసకగా వచ్చినవాటిని సైతం దాచిపెడతారని చెబుతుంటే నా కళ్లు నీళ్లతో నిండాయి. పక్కన కూర్చున్న పెద్దాయన, మందు మండుతోందా అని అడిగారు. అవునన్నాను.

సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రానికి పటాలు గీసేవాడు మా బావ. మా అక్కను చేసుకున్న కొత్తలోనే కాకినాడ వైపు నుంచి ఇక్కడికి వచ్చి, ఉపగ్రహాలు తీసిన బొమ్మలు చదివే ఒక ఆఫీసులో కుదిరాడు. రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడమీద రెండు గదులు వాళ్లవి. నేను అప్పటికి ఒక తెలుగు దినపత్రికలో చేరి రెండేళ్లయింది, ఆదివారం ప్రార్థన కాగానే అక్క చేతి చేపల పులుసు కోసం తప్పకుండా అక్కడికే చేరేవాణ్ణి. పులుసు ఉడికేలోగా బావ ఒక బొమ్మ నేలమీద పరిచి, దూరాన ఉన్న దీవుల చుట్టూ నీళ్లు ఎన్ని రంగుల్లో ఉంటాయో చూపించేవాడు. పైనుంచి చూస్తే రంగు మాత్రమే తెలుస్తుంది, ఆ రంగు కింద ఉన్నది పగడమో రాయో ఇసుకో తెలియాలంటే ఎవరో ఒకరు నీళ్లలో తల ముంచి చూడాల్సిందే అనేవాడు. ఆ మునిగే పని ఏదో ఒకనాడు తనకే రావాలని ఆయన కోరిక. చిన్నప్పటినుంచి ఉప్పుటేటిలో ఈది పెరిగిన మనిషి, కుర్చీలో కూర్చుని సముద్రాన్ని చూడటం ఆయనకు సరిపోయేది కాదు.

చివరికి ఒక వేసవిలో ఆ అవకాశం వచ్చింది. నీళ్లు చొరబడని పెట్టెలో బిగించిన కెమెరా, గళ్లు కట్టిన ఒక ఇనుప చట్రం, ఒక చిన్న పలక ఇచ్చి ఆ దీవుల్లో ఒకదానికి పంపారు. చట్రాన్ని సముద్రం అడుగున పెట్టి, ఆ చోటి అంకె రాసిన పలకను మూలన ఆనించి, పైనుంచి ఫొటో తీయాలి. తర్వాత ఆ చట్రంలో పగడం ఎంత, ఇసుక ఎంత అని గళ్లు లెక్కపెట్టి, పటం మీద ఆ అంకె ఉన్నచోట రంగు వేయాలి. బావ నలభై చోట్ల మునిగాడు. తిరిగి వచ్చేసరికి చెవిలో చీము, ఒళ్లు కాలిపోయే జ్వరం. స్టేషన్ నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. మంచం మీద పడుకునే, తలకింది సంచిలోంచి నలుపు తెలుపు ఫిల్ము చుట్టలు తీసి నా చేతిలో పెట్టాడు. ఆఫీసు వాళ్ల స్టూడియోలో ఆలస్యమవుతుంది, మీ పత్రిక డార్క్‌రూములో కడిగించి ప్రింట్లు వేయించు అని చెప్పి, నేను గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచాడు.

“ఏమోయ్, బాగున్నవి కాదు. అన్నీ.”

ఆ మాటను నేను విన్నాను. విన్నాననే చెప్పాలి.

మా పత్రికలో అప్పటి పద్ధతి ఈ పనిలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫొటోల కాగితం లెక్కగా వాడాలి. కడిగిన ఫిల్మును వెలుగుపెట్టె మీద పరిచి, నెగెటివ్‌లోనే బొమ్మను చదివి, పనికొచ్చే ముక్కను కత్తిరించి, మిగతావి బకెట్లో వేసేవాళ్లం. ముప్పై ఆరింటిలో ఒక్కదాన్ని చిటికెలో పట్టుకునేవాడే మొనగాడు. నన్ను ఆ విషయంలో అందరూ మెచ్చుకునేవారు, నాకూ అదొక గర్వం.

ఆ రోజు వెలుగుపెట్టె ముందు కూర్చుని బావ నెగెటివ్‌లు ఒక్కొక్కటే చూస్తున్నాను. దుప్పి కొమ్ముల్లాంటివి, పువ్వుల్లాంటివి, మధ్యలో దూరిపోతున్న చారల చేపలు. ఆ తర్వాత వరుసగా పదకొండు ముక్కలు కారునలుపు. నెగెటివ్‌లో నలుపంటే ప్రింటులో తెలుపు. ఫ్లాష్ మరీ దగ్గర పడి కొట్టుకుపోయాయనుకున్నాను. కత్తెర ఆడింది. డార్క్‌రూములో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న, మేమంతా అన్నా అని పిలిచే ఆయన, మోండా మార్కెట్ దగ్గరే పుట్టి పెరిగిన మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చి బకెట్లోకి తొంగి చూశాడు.

“ఏందీ తమ్మీ, గివి సుత పారేస్తున్నవ్? మీ బావ అన్ని కావాలన్నడంటివి గద?”

మా బావకు ఉపగ్రహాలు తెలుసు గాని ఫొటోలు తెలియవని నవ్వాను.

“ఇగ నీ ఇష్టం. రేపు నన్ను పరేషాన్ చెయ్యకు,” అని ఆయన తన పనిలోకి పోయాడు.

ప్రింట్లు అందంగా వచ్చాయి. వాటిలో ఒక చేప బొమ్మ బావను అడిగి మా ఆదివారం పేజీలో వేయించాలని కూడా అనుకున్నాను. వారం తర్వాత బావ ఇంటికొచ్చాడు. చెవిలో దూదితోనే నేలమీద కూర్చుని, పేకముక్కలు పేర్చినట్టు పలక అంకెల వరుసన ఫొటోలు పేర్చడం మొదలుపెట్టాడు. ఇరవైరెండు దాకా వచ్చి ఆగాడు. తర్వాత చేతికందింది ముప్పైనాలుగు. సంచి దులిపాడు. నా వైపు చూశాడు. అవి తెల్లగా కొట్టుకుపోయాయి బావా, అందుకే పారేశాను అని చెప్పాను. అక్క వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది.

“కొట్టుకుపోలేదోయ్. అక్కడ అంతా అలాగే ఉంది,” అన్నాడు బావ.

దీవికి తూర్పున వరుసగా పదకొండు చోట్ల పగడం మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉందట. నీళ్లు ఒంటికి వేడిగా తగిలాయట. ఎందుకలా అయిందో ఆయనకూ తెలియదు, వచ్చాక పెద్దవాళ్లకు ఫొటోలు చూపించి అడగాలనుకున్నాడు.

డార్క్‌రూములో వ్యర్థంగా పోయే ఫిల్మును మోండా మార్కెట్ వెనక సందులో ఒకాయన తీసుకునేవాడు, కాల్చి అందులోని వెండి తీయడానికి. ఆ క్షణమే ఇద్దరం రిక్షా ఎక్కాం. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా బావ చెవి పట్టుకున్నాడు. సందులో ఆయన మా మొహాలు చూసి, ఏదో పెద్ద తక్లీఫ్ అనుకుని స్టూలు వేశాడు. సంగతి విని తల అడ్డంగా ఊపి, “నిన్ననే కాలవెట్టిన సార్,” అన్నాడు. పొయ్యిలోని బూడిదను కూడా కదిపి చూపించాడు.

ఆఫీసులో ఆయన తాను చూసింది చెప్పాడు. ఫొటో ఏదన్నారు. కంటితో చూశానంటే, జ్వరంతో ఉన్నవాడి చూపు పటానికి ఆధారం కాదన్నారు. పటంలో ఆ పదకొండు చోట్ల ఏ రంగూ వేయకుండా కాగితం తెల్లగా వదిలేసి, కింద వివరాలు అందలేదని రాశారు. ఏడాది తర్వాత వెళ్లినవాళ్లకు అక్కడ పాచి పట్టిన రాళ్లే కనిపించాయి. ఎప్పుడు చచ్చిందో, ఎలా చచ్చిందో చెప్పగలిగిన వాళ్లు లేరు. చెప్పగలిగిన ఒక్క మనిషినీ చెవి పాడైందని డాక్టర్లు మళ్లీ నీళ్లలో దిగనివ్వలేదు. ఆ నలభై మునకలే ఆయన మొదటివీ చివరివీ.

నీళ్లు వేడెక్కితే పగడం తెల్లబడుతుందని, అది చావుకు ముందు కనిపించే రంగని నేను చాలా ఏళ్ల తర్వాత, ఇంగ్లిషు వార్తా సంస్థ పంపిన ఏదో వార్తను తెలుగు చేస్తూ తెలుసుకున్నాను. ఆ సాయంత్రమే ఇంకొకటి కూడా తట్టింది. నేను పారేసిన నెగెటివ్‌ల మూలన పలక మీద అంకె స్పష్టంగానే ఉంది. ఫ్లాష్ ఎక్కువైతే ముందు ఆ తెల్లటి అంకెలే కదా చెరిగిపోవాలి. మునిసిపాలిటీ ప్రకటనలో అచ్చుతప్పు కూడా దాటనివ్వని నా కన్ను ఆ అంకెలను చూసి కూడా ఆగలేదు. బావకు చెబుదామని రాంగోపాల్‌పేట్ దాకా వెళ్లి, ఆయన పెట్టించిన టీ తాగి, చెప్పకుండానే వచ్చేశాను.

బావ పోయాక అక్క ఆ పటాన్ని నాకిచ్చింది. ఇప్పుడు సముద్రం అడుగున యంత్రాలు తిరుగుతున్నాయి, ఏది బాగుందో ఏది బాగాలేదో వాటికి తెలియదు గనుక అన్నీ దాచుకుంటున్నాయి. మా కాలంలో ఏరడమే తెలివి అనుకున్నాం. ఎన్ని వేల ముక్కలు బకెట్లో వేశామో, వాటిలో ఇంకెవరి సాక్ష్యం ఉండేదో నాకు తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం పటం తీసి పరిచాను. రంగులన్నీ వెలిసిపోయాయి. మందు ఇంకా దిగని నా కళ్లకు ఒకటే తేటగా కనిపించింది, తూర్పున ఎవరూ రంగు వేయని ఆ తెలుపు. బావ చూసింది అదే.