కారు చక్రాలకు కందెన

మా ఇంటి కారు లోపలి అడుగును మా పాలేరు పరదేశి పేడతో అలికాడంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నమ్మరు. నేను కళ్లారా చూశాను. కారు కొన్న కొద్ది రోజులకే ఒక పొద్దున ముగ్గు వేద్దామని వాకిట్లోకి వచ్చాను. కారు తలుపు తీసి ఉంది. తొంగి చూస్తే అడుగంతా పచ్చగా, అంచులు వదలకుండా, అరుగు అలికినట్టు అలికి ఉంది. పైగా సీటు ముందు పిండి చుక్కలు నాలుగు. నా చేతిలోని ముగ్గుచిప్ప నేల మీద పడింది.

"ఇదేటి పరదేశీ?" అన్నాను.

"లచ్చిమీదేవి కూకునే సోటు కదమ్మా. దుమ్ము లేస్తంది. అలికేసేను," అన్నాడు నిమ్మళంగా.

అతడికి అలికిన నేల శుభ్రం, అలకని నేల మురికి. అది ఇల్లయినా ఒకటే, కారయినా ఒకటే. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. మా మామగారు సత్యారావుగారు లేచి చూసేలోపు కడిగించాలని నీళ్ల కోసం పరుగెత్తాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చి ఏడాదో రెండేళ్లో అయింది అప్పటికి. చోడవరంలో మాది చెరకు పండించే ఇల్లు. ఆ ఏడు బెల్లానికి మంచి ధర వచ్చింది. విశాఖపట్నంలో ఎవరో దొర సొంతదేశం వెళ్లిపోతూ నల్ల కారు అమ్ముతున్నాడని తెలిసి మామగారు వెళ్లి కొనుక్కొచ్చారు. వచ్చిన మర్నాడే బండినీ ఎడ్లనూ రోలుగుంట ఆసామికి అమ్మేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? కారొచ్చాక ఎద్దు ముఖం చూడాలంటే ఆయనకు నామోషీ అయిపోయింది.

ఆ ఎడ్లను తోలినవాడు పరదేశి. చిన్నప్పుడు పశువులు కాయడానికి మా ఇంటికి వచ్చినవాడు తల నెరిసినా మా ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. పశువుల పాకలోనే పడక. అతడు లోకంలో రెండే విద్యలు నేర్చాడు. ఒకటి బరువు ఎక్కించడం. ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగిపోతాయి, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్లకు ఉరి పడుతుంది. పరదేశి కట్టిన బండి చీడికాడ గట్ల దారిలో కూడా పక్కకు ఒరిగేది కాదు. రెండోది కందెన. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురుగొట్టంలో పోసి బండి కింద వేలాడదీసుకునేవాడు. ఇరుసు కాస్త కిర్రుమంటే చాలు, బండి ఆపి రాసేవాడు. ఊళ్లో అందరి బండ్లూ ఏడ్చుకుంటూ పోతుంటే మా బండి మాత్రం పక్కకు వచ్చేదాకా వచ్చినట్టే తెలిసేది కాదు. అదే అతడి గొప్ప.

ఎడ్లు వెళ్లిపోయిన సాయంత్రం మామగారు అతణ్ణి పిలిచారు.

"ఒరే పరదేశీ, ఎడ్లు లేని ఇంట్లో నీకు పనేటి? ఉగాది దాకా ఉండు. కారు పని నేర్చుకుంటే ఉంటావు. లేదంటే నీ దారి నువ్వు సూసుకో."

పరదేశి తల ఊపి, ఖాళీ పాకలోకి పోయి కూర్చున్నాడు. ఆ మాట నాకు అన్యాయమనిపించింది. కోడలిని, మామగారి ఎదుట నోరెత్తే రోజులు కావు.

కారు తోలడానికి అనకాపల్లి నుంచి దాసు వచ్చాడు. లారీల మీద పనిచేసిన కుర్రవాడు, మంచివాడు. పరదేశిని మావా అని పిలిచి పని నేర్పాడు. పేడ మానిపించాడు. అడుగున పరిచిన చాపలు తీసి దులపడం, సీట్లను కుంకుడు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవడం, తడి ఆరేదాకా తలుపులు తీసి ఉంచడం, చీమలు పట్టకుండా చాపల కింద ఎండు వేపాకు వెయ్యడం నేర్పాడు. పొద్దున్నే ఇంజనులో నీళ్లు చూడటం, టైర్లను గుద్ది గాలి చూడటం కూడా. పరదేశి అన్నీ నేర్చుకున్నాడు. మా కనకం, నా మూడేళ్ల కూతురు, సీటు మీద బెల్లం ముక్క రాస్తే ఆ గుంటను ఏమీ అనకుండా గుడ్డ తెచ్చుకునేవాడు.

ఒక్కటే అతడికి మింగుడు పడలేదు. కారు ఆగినప్పుడల్లా చక్రాలు కీచుమనేవి. బజారులో ఆ కూత వినిపిస్తే పరదేశి సిగ్గుతో తల దించుకునేవాడు.

"నా సేతికింద బండి ఎప్పుడూ ఏడవనేదమ్మా. ఇది ఏడుస్తంది," అనేవాడు నాతో.

"బ్రేకులో దుమ్ము పట్టింది మావా. విప్పి తుడవాల," అన్నాడు దాసు.

మాఘమాసంలో ఒకరోజు, అనకాపల్లిలో ఉన్న మా ఆడపడుచుకు సారె తీసుకెళ్లాలని అత్తగారు అచ్చియ్యమ్మగారు ముహూర్తం పెట్టారు. పదిగంటలకు వర్జ్యం, ఈలోపు గడప దాటాలన్నారు. దాసు తెల్లవారుతూనే కారును రాళ్ల మీద నిలబెట్టి చక్రాలు ఊడదీశాడు. చక్రం వెనక గిన్నెలాంటి ఇనప డ్రమ్ములు కూడా తీసి, లోపలి దుమ్మంతా పొడిగుడ్డతో తుడిచి, చద్దన్నానికి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి డ్రమ్ములు నాలుగూ వాటి చోట్లలో బిగించి ఉన్నాయి.

"నాను బిగించేసేను. సక్రాలు పెట్టేసుకో," అన్నాడు పరదేశి ముఖం వెలిగిపోతూ.

దాసు సంతోషించి చక్రాలు పెట్టేశాడు.

తరవాత సామాను దగ్గర రభస అయింది. అరిసెల గంగాళం, ఇత్తడి బిందెలు, నాలుగు బెల్లం దిమ్మలు. దిమ్మలు వెనక సీటు పైన, వెనక అద్దం కిందున్న చెక్క మీద పెట్టమన్నారు అత్తగారు.

"అంత బరువు తలకాయల వెనక పెడతారేటమ్మా? కింద డిక్కీలో పెట్టి తాడేస్తాను," అన్నాడు పరదేశి.

"తినే వస్తువు కాళ్ల కిందేటిరా? సారె అది!"

"కింద కాదమ్మా, ఎనకాల. బరువు అడుగునుండాల, కదలకుండుండాల. పైనెడితే బండి మాట ఇనదు."

మొదటిసారి అతడు అత్తగారికి ఎదురు చెప్పడం చూసి నేను విస్తుపోయాను. దిమ్మలు అడుగున పేర్చి, వాటి నడుమ గంగాళం ఇరికించి, సందుల్లో గోనెలు కుక్కి, తాడు బిగించాడు. అత్తగారు గొణుక్కుంటూ కారెక్కారు. ఎక్కుతూ నీళ్ల చెంబును మాత్రం తెచ్చి ఆ చెక్క మీదే పెట్టారు, తన మాటే చెల్లాలని.

దాసు రోజూ గేటు దగ్గర కారు కదిపి, ఒకసారి బ్రేకు తొక్కి చూసుకుని అప్పుడు బయల్దేరేవాడు. ఆ రోజూ కాలు వెయ్యబోయాడు.

"బయల్దేరిన బండి గడపలో ఆపుతావేటిరా, అపశకునం! పోనీ! వర్జ్యం వచ్చేస్తంది," అని అరిచారు అత్తగారు. దాసు కాలు తీసేశాడు.

బజారు దాటేదాకా నెమ్మదిగా, ఎక్కడా బ్రేకు అవసరం పడకుండా వెళ్లాం. ముందు దాసు పక్కన మామగారు, వెనక అత్తగారు, నేను, నా ఒళ్లో కనకం. ఊరు దాటి మైలు పోయాక ఏటి వైపు దిగే పల్లం ఉంది. కింద నుంచి చెరకు బండ్లు వరసగా ఎక్కి వస్తున్నాయి. దాసు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్లీ తొక్కాడు. ఇంకా జోరయింది.

"తొక్కుతన్నాను బాబూ, ఆగట్లేదు!"

ఆ గొంతు ఈనాటికీ నా చెవుల్లో ఉంది. పక్కనున్న చేతిబ్రేకు పిడి లాగాడు, దానికీ లొంగలేదు. ఎదురుగా ఎడ్ల కొమ్ములు కనిపించాయి. బండివాడి నోరు తెరిచి ఉండటం కనిపించింది. నేను కనకాన్ని గుండెకు అదుముకుని దాని మీద వంగిపోయాను. దాసు చేతిలోని స్టీరింగు చక్రం తిప్పేశాడు. కారు రోడ్డు దిగి చెరకు తోటలోకి దూసుకుపోయింది. గడలు ఫెళఫెళ విరిగాయి. ఏదో నా తల మీదుగా రివ్వున పోయి ముందు అద్దానికి తగిలింది, అద్దం భళ్లున పగిలింది. అప్పుడు ఆగింది కారు.

తరవాత కనకం ఏడ్చింది. ఏడ్చింది కాబట్టి బతికుందని నాకు తెలిసింది. దాని చెవి పైన గాజుపెంకు గీసుకుపోయి నెత్తురు కారుతోంది. అద్దం పగలగొట్టింది అత్తగారి చెంబు. నీళ్లయినా నిండుగా లేని చిన్న చెంబు! ఆ చోట బెల్లం దిమ్మలు ఉండవలసినవని తట్టగానే కనకం చెవిని కొంగుతో అదిమిపట్టి దాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాను. వెనక డిక్కీలో ఒక్క అరిసె కూడా చిట్లలేదు.

మామగారు దాసును కిందికి లాగి చెంప పగలగొట్టారు. "తాగేవురా? నా మనవరాలిని సంపేసేవాడివి కదరా!" మళ్లీ అతణ్ణి కారు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. చెరకు బండ్ల ఎడ్లనే కట్టి కారును ఇంటికి లాగించారు. ఎడ్లను అమ్మేసిన మనిషి ఎడ్ల వెనక నడుస్తున్నారు. ఆయన వెనక దాసు, చెంప పట్టుకుని.

వాకిట్లోకి వచ్చాక మామగారు మళ్లీ చెయ్యెత్తారు. పోలీసులకు అప్పగిస్తానన్నారు. దాసు ఏడుస్తున్నాడు. పరదేశి పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఆడ్ని కొట్టకండి బాబూ. సక్రాల్లో తప్పేటీ ఉండదు. నాను పొద్దున్నే కందెన ఎట్టేను. నాలుగిటికీ. లోపల ఎండిపోయున్నాయి బాబూ. మంచి ఆవుదం. ఇంక కూత రాదు."

పరదేశి మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ, మెచ్చుకుంటారేమోనని నిలబడ్డాడు. దాసు వెళ్లి ఒక చక్రం విప్పి డ్రమ్ము లాగాడు. లోపలంతా నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఆముదం వాసన నా దాకా వచ్చింది.

దాసు తిట్టలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

"మావా," అన్నాడు, "బండినాపేది ఎద్దు. కారుకి ఎద్దు నేదు. ఈ పట్టీలు పోయి డ్రమ్ముని పట్టుకుంటేనే ఆగుతాది. పట్టుకునే సేతికి నువ్వు ఆవుదం రాసేసేవు మావా."

పరదేశి డ్రమ్ములో వేలు పెట్టి రాశాడు. వేలు జారింది. మళ్లీ రాశాడు. తరవాత తల తిప్పి నా చంకలో ఉన్న కనకం చెవి వైపు చూశాడు. అంతవరకూ మనిషి ముఖం అలా కూలిపోవడం నేను చూడలేదు. ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

"దాసునుంచండి బాబూ. నన్ను పొమ్మనండి," అన్నాడు.

"పో! ఇప్పుడే పో!" అన్నారు మామగారు.

నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెగువ. "మామయ్యగారూ, అతడు అడ్డుపడి ఉండకపోతే బెల్లం దిమ్మలు మా తలల వెనకే ఉండేవి. చెంబుకే అద్దం పగిలింది. దిమ్మకు నా కూతురు బతికేదా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మామగారు నన్ను వింతగా చూశారు.

"ఆ సెంబు ఎట్టింది నానే," అన్నారు అత్తగారు నేల చూపులు చూస్తూ. "గడపలో ఆపనివ్వనిదీ నానే."

మామగారు లోపలికి వెళ్లిపోయారు. పొమ్మన్న మాట వెనక్కి తీసుకోలేదు, మళ్లీ అననూ లేదు. పరదేశి ఆ రోజే వెదురుగొట్టం విరిచి పొయ్యిలో పెట్టాడు.

కారు బాగుపడి వచ్చేసరికి ఉగాది వచ్చేసింది. మొదటి ప్రయాణం అనకాపల్లికే. అందరం ఎక్కాం. దాసు కారు కదిపాడు. చూస్తే గేటుకు అడ్డంగా, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి పరదేశి నిలబడి ఉన్నాడు.

"ఒరే, తప్పుకో!" అని అరిచారు మామగారు.

"రానీ దాసూ, నా మీదికి రానీ. ఇక్కడ ఆగితేనే ఎళ్లాల," అన్నాడు పరదేశి.

నేను కనకం కళ్లు మూసి, నా కళ్లూ మూసుకున్నాను. కీచుమని కూత వినిపించింది. కళ్లు తెరిస్తే కారు ముందుభాగం అతడి మోకాళ్లకు జానెడు దూరంలో ఉంది. అతడు వెనక్కి అంగుళం కూడా జరగలేదు. కారు మీద అరచెయ్యి వేసి నిమిరి, పక్కకు తప్పుకున్నాడు.

"ఏడ్సింది బాబూ. ఇంక ఎళ్లండి," అన్నాడు.

ఆ తరవాత అతణ్ణి పొమ్మనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కారు గేటు దాటిన ప్రతిసారీ, అతడు చనిపోయేదాకా, అలాగే ఎదురుగా నిలబడ్డాడు. మామగారి తిట్లకు కదల్లేదు, దాసు బతిమాలితే వినలేదు. గడపలో ఆగడం అపశకునమని అత్తగారు మళ్లీ ఎన్నడూ అనలేదు. నేను మాత్రం ఎన్నిసార్లు ఎక్కినా ఆ చోట కళ్లు మూసుకునే ఉన్నాను.