వేరుశనగ నూనె తాగిన క్లారినెట్టు

రాసుకుంటున్నావా పాపా? అరవ బడిలో చదివినదానివి, ఫోన్‌లో తెలుగు అక్షరాలు కొట్టడం నీకు నిదానమే, నాకూ తొందరేమీ లేదు. మీ తాత నిద్ర లేచేలోపు అయిపోతే చాలు. లేస్తే మధ్యలో దూరి, అలా కాదు ఇలా అని మొత్తం మార్చేస్తాడు.

పోయిన వానల్లో ఆయనకి నిమ్ము చేసింది గదా. కోవిల్‌పట్టి ఆసుపత్రిలో పడుకుని ఇంటికొచ్చాడు. మళ్ళీ చూపించడానికి తీసుకెళితే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఛాతీ శుభ్రంగా ఉంది, మీ పనులు మీరు చేసుకోండి అని పంపేశాడు. ఇంట్లో అందరం నమ్మాం. తాత మాత్రం నమ్మలేదు. తన క్లారినెట్టు మాట తప్ప ఇంకెవరి మాటా ఆయనకి ఎక్కదు.

బడిలో చదివేటప్పుడు బ్యాండులో పట్టుకున్నాడు దాన్ని, ఇంతవరకు విడవలేదు. నాగలాపురం పక్కన మన చేలో పత్తీ మిరపా చెనక్కాయా చూసుకుంటూనే, మార్గళి నెల, అదే ధనుర్మాసం, వస్తే పెరుమాళ్ గుడి భజనలో పాటగాళ్ళ వెనక నిలబడి వాయించేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక పెట్టె తెరిచి చూస్తే మీటలు బిగుసుకుపోయి ఉన్నాయి. కూర్చుని తుడిచాడు, చేయవలసిన సేవలన్నీ చేశాడు. తీరా ఊదితే పై స్వరాలు కీచుమన్నాయి. కింది స్వరాలు అసలు పలకలేదు, బుస్సుమని గాలి చప్పుడే.

గట్టిగా పలకాలంటే గట్టి రీడు వేయాలని ఎవరు చెప్పారో ఏమో, మందపాటిది తెప్పించాడు. రీడు అంటే నోటి దగ్గర ఉండే బద్ద. దాన్ని పట్టి ఉంచే పట్టీ మరలు వేళ్ళు నొప్పెట్టేదాకా బిగించాడు. ఇంకా అధ్వానం. మొహం ఎర్రగా చేసుకుని మంచం మీద కూలబడ్డాడు.

"అయిపోయిందే. నాకింక దమ్ము లేదు."

మాది మేనరికం గదా, నేను ఆయన్ని మామా అనే అంటాను. "డాక్టరు బాగుండాదని చెప్పె గదా మామా," అన్నాను.

"ఆయన బొమ్మ చూసి చెప్పె. ఇది నా ఊపిరి పట్టి చూసి చెప్తుండాది."

ఆ రోజు నుంచి మనిషే మారిపోయాడు. గోడ పట్టుకుని నడవడం, చేతిని ఛాతీ మీద పెట్టుకుని కూర్చోవడం. చేను వైపు పోవడం మానేశాడు. భజనకి ఇంకెవరినైనా చూసుకోమని కబురు పంపాడు. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ, "చేను వారానికి ఇచ్చేద్దామా?" అన్నాడు. వారం అంటే పంటలో పాలు తీసుకుని వేరేవాళ్ళ చేతిలో పెట్టడం. జబ్బు లేని మనిషి జబ్బు మనిషి అయిపోతుంటే చూస్తూ ఎట్లా ఉండేది?

బ్యాండు వాయిద్యాలు బాగుచేసే ఆయన విరుదునగర్ బజారులో ఉన్నాడని భజనవాళ్ళే చెప్పారు. పోదామంటే తాత కదలడు.

"చెడిపోయింది నేను. దాన్నెందుకు చూపించేది?"

"దానికేమీ లేదని ఆయన చెప్పనీ, నేను నోరు మూసుకుంటాను."

నేను నోరు మూసుకోవడం అనేది ఆయనకి పెద్ద ఆశ. బస్సెక్కాడు.

అంగట్లో పెద్ద మీసాల మనిషి ఉన్నాడు. మేము అరవంలో సంగతి చెప్పాం. ఆయన వాయిద్యాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే తాత నా చెవిలో తెలుగులో గొణిగాడు: "వీడి మొగం చూడు. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పే మొగం."

మీసాలాయన తల ఎత్తకుండానే, "రేపెందుకన్నా, ఈ పొద్దే చేసిస్తాను. మా ఇంట్లోనూ ఇదే బాస," అన్నాడు తెలుగులో. తాత గోడ మీది క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడు.

ఆయన క్లారినెట్టు పై ముక్క ఊడదీసి, అడుగు కొసను బిరడాతో మూశాడు. తాతని రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి ఊదమన్నాడు. "అక్కా, నీ చెయ్యి తడి చేసుకుని ఈ మీటల పక్కన పెట్టు."

పెట్టాను. తాత ఊదాడు. ఎక్కడా దారి లేకుండా మూసిన గొట్టంలోంచి చల్లగా, జోరుగా గాలి వచ్చి నా అరచేతికి కొట్టింది. అది మీ తాత ఊపిరి పాపా. లేదు లేదని ఇన్నాళ్ళూ ఏడిపించాడే, అదే.

"దమ్ముకేమి, రొంబ ఉండాది, కావాల్సినంత," అన్నాడు మీసాలాయన. "పోవాల్సిన దారిలో పోకుండా పక్కన పోతుండాది." మీటలు విప్పి వాటి కింద ఉండే గుండ్రటి మెత్తలు వాసన చూశాడు. "ఏమి పోసినావన్నా దీనికి?"

"చెనక్కాయ నూనె," అన్నాడు తాత గొప్పగా. "మా చేలో కాయ, గానుగలో ఆడించింది."

"నూనె పరోటా మా ఊరిది. నూనె క్లారినెట్టు మీ ఊరిదా?" విరుదునగర్‌లో పరోటాని నూనెలో ముంచి వేయిస్తారులే, దానికి పేరు.

మన ఇంట్లో తలుపు బందుకి, మోటారుకి, పిల్లల నెత్తికి, అన్నిటికీ ఆ నూనే గదా. మెత్తలు తాగేసి, దుమ్ము పట్టి, గట్టిపడి, రంధ్రం మీద సరిగ్గా కూర్చోవడం మానేశాయి. కింది స్వరానికి అన్నీ మూసుకోవాలట, ఒక్కటి కారినా పలకదట.

పాతవి పీకి కొత్త మెత్తలు పెట్టాడు. దీపం సెగ చూపించి రంధ్రానికి అదిమాడు. ఒక్కోదాని కింద పల్చటి కాగితం పెట్టి లాగి, పట్టుకుంటోందా లేదా చూశాడు. మందపాటి రీడు తీసి, "ఇది బలమున్నోళ్ళకి కాదన్నా, మొండోళ్ళకి," అని మెత్తటిది వేసి, పట్టీ కొంచెం వదులు చేశాడు.

తాత ఊదాడు. అన్నిటికంటే కింది స్వరం లావుగా, తడబడకుండా వచ్చింది. ఆపడే! పక్క అంగడివాడు వచ్చి తొంగి చూసేదాకా పట్టి ఉంచాడు. ఆపాక కళ్ళద్దాలు తీసి తుండుతో తుడుచుకుంటూ, "నాకేమీ లేదే," అన్నాడు.

డబ్బులిచ్చే వంకతో నేను అటు తిరిగాను. ఆయన్ని చూస్తే ఏడుపొచ్చేది.

సాయంత్రం బస్టాండులో కోవిల్‌పట్టి బస్సు కిక్కిరిసి వచ్చింది. నేను సంచి సర్దుకుని చూసేసరికి పక్కన తాత లేడు. పెట్టె చంకలో పెట్టుకుని, ఇంకా నిలవని బస్సు వెంట పరిగెత్తుతున్నాడు, కుర్రాళ్ళని తోసుకుంటూ. కిటికీలోంచి తుండు విసిరి సీటు పట్టాడు. "రావే, కాళ్ళు లేవా?" అని అక్కణ్ణుంచి అరుపు.

వేరే రోజైతే ఆ పరుగుకి బస్సంతా వినేలా తిట్టేదాన్ని. ఆ రోజు మెల్లగా నడిచి వెళ్ళి, కిటికీ పక్క సీటు నాకే కావాలని గొడవపడి కూర్చున్నాను.