ఊఁ అన్నది ఎవరు

మా ఆడపడుచు నా ఫోనుకు పంపిన ఫోటోలో నీలం నీళ్లు, రంగురంగుల చేపలు, వాటి మధ్య అద్దాలు పెట్టుకుని ఈదుతున్న ఒక అమ్మాయి. కింద, 'కొత్తవారికి ఒక్కరోజు సీ కయాకింగ్, స్నార్కెలింగ్. గైడు, భోజనం మావే' అని రాసి ఉంది. ఎక్కడా అని చూస్తే హంసలదీవి దగ్గర. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోట నీళ్లు ఏ రంగులో ఉంటాయో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మరిగి మరిగి చిక్కబడ్డ టీ రంగు. వెంటనే ఫోన్ చేశాను.

"ఆ చేపలెక్కడివే?"

"ఏమో వదినా, భోజనంలో పెడతారేమో. రెండో శనివారం పొద్దున్నే కారేసుకొస్తా, రెడీగా ఉండు."

"నాకు ఈత రాదు."

"కొత్తవాళ్లకే అని రాశారుగా. టీచరువి, సరిగ్గా చదువు."

తను మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. బెజవాడలో ఉంటుంది. అన్న పోయిన దగ్గర్నుంచి, నన్ను కంకిపాడు ఇంట్లోంచి బయటికి లాగే పని భుజాన వేసుకుంది. యోగా క్లాసన్నది, కుట్టు మిషనన్నది, ఒకసారి డాన్సు కూడా అన్నది. నేను అన్నింటికీ వెళ్లాను, అన్నింటి దగ్గరా మొహం మాడ్చుకుని కూర్చున్నాను. నేను ఉయ్యూరులో పాతికేళ్ల పైన లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా మొహం మాడితే ఎలా ఉంటుందో ఆ చుట్టుపక్కల రెండు తరాల వాళ్లకి తెలుసు. తనకి మాత్రం లెక్కలేదు.

మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉండేది. మనిషి మితభాషి. మితభాషి అని మర్యాదకి అంటున్నాను, నిజానికి ఆయన మాట్లాడేది ఒక్కటే మాట, ఊఁ. రాత్రి అన్నాల దగ్గర నేను స్కూలు సంగతులన్నీ ఏకరువు పెడుతుంటే ఆయన ఊఁ కొడుతూ తినేవారు. వింటున్నారో లేదో తేల్చుకుందామని మధ్యలో ఏదో ఒకటి కలిపేదాన్ని.

"రేపు మనం ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీ కొంటున్నామండీ."

"ఊఁ."

"అడ్వాన్సు మీరే ఇవ్వాలి."

అప్పుడు తలెత్తి, "టీచరుగారూ, పొట్టిగా అంటే విననట్టు, సాగదీసి అంటే విన్నట్టు. ఇన్నేళ్లయినా నేర్చుకోకపోతే ఎట్టా?" అని నవ్వేవారు. నిజమే. వినేటప్పుడు ఆయన ఊఁ కొంచెం సాగేది, చివర్లో మెల్లగా కిందికి దిగేది. కాపురం మొత్తంలో నేను బాగా నేర్చుకున్న భాష అదే.

కరోనా రెండో వేవ్‌లో ఆయన పోయారు. ఆస్పత్రి లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. నేనూ, మా ఆడపడుచూ గేటు బయట కానుగ చెట్టు కింద నిలబడి ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. "చెవి దగ్గర పెడతానమ్మా, మాట్లాడండి. ఆయన మాట్లాడలేరు, మాస్కుంది" అన్నది. నేను స్పీకర్ పెట్టాను. అటునుంచి గాలి లోపలికి పోతున్న చప్పుడు, బయటికి వస్తున్న చప్పుడు. బుస్సుమని ఒకటి, హుస్సుమని ఒకటి.

ఏం మాట్లాడాలో తెలియలేదు. రోజూ అన్నాల దగ్గర చెప్పినట్టే చెప్పాను. ఆవకాయ జాడీలోకి ఎత్తాననీ, షాపు తాళాలు జాగ్రత్త చేశాననీ, పక్కింటి వాళ్ల గేదె ఈనిందనీ. ఒక్కో మాట తర్వాత ఆ గాలి చప్పుడులోంచి ఊఁ లాంటిది వచ్చింది. చివరికి, "మీరేం భయపడకండి, నేనిక్కడ గేటు బయటే ఉన్నాను" అన్నాను. అప్పుడొకటి వచ్చింది. కాస్త సాగింది, కిందికి దిగింది.

నర్సమ్మ ఫోన్ తీసుకుంది. "విన్నారమ్మా, ఊఁ అన్నారు" అని నేను ఏడుస్తూ అంటే, పాపం ఆ పిల్ల తనకి తెలిసిందే చెప్పింది. "లేదమ్మా, మత్తులో ఉన్నారు. అది మిషన్ సౌండు." తెల్లారేసరికి ఆయన లేరు.

అప్పట్నుంచి నాకున్న ప్రశ్న అదొక్కటే. ఊఁ అన్నది ఎవరు? ఆయనా, మిషనా? మా పాస్టరుగారు ఆయన ప్రభువు సన్నిధిలో ఉన్నారని చెప్పారు. ఆయన ఇప్పుడెక్కడున్నారన్నది నాకెప్పుడూ సందేహం కాదు. ఆ మధ్యాహ్నం ఎక్కడున్నారన్నదే నా సందేహం. నా మాట వింటూ ఉన్నారా, ఎవరూ లేరనుకుంటూ ఉన్నారా. మా ఆడపడుచుని అడిగితే ప్రతిసారీ తడుముకోకుండా, "అన్నయ్యే వదినా, నేనూ విన్నాగా" అనేది. నాకు ఆ ఓదార్పు సరిపోలేదు. ఆయన ఊఁ నా మాటల చివర్లోనే వచ్చింది కదా అని ఒకసారి ధైర్యం తెచ్చుకునేదాన్ని. మిషను కొట్టుకునే తీరుకి నా మాటలే సర్దుకున్నాయేమో అని మళ్లీ నా లెక్కల బుర్రే అడ్డుపడేది.

రెండో శనివారం మా ఆడపడుచు చీకటితోనే వచ్చేసింది. కార్లో కూర్చోగానే కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, మా వదినని నీళ్ల నుంచి కాపాడు, ఆ నీళ్లనేమో మా వదిన నోటి నుంచి కాపాడు, ఆమేన్." నేను ఆమేన్ అనలేదు. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా వెళ్లాం. చివర్లో రొయ్యల చెరువులు, ఆపైన సరుగుడు తోపులు, ఇక రోడ్డు అయిపోయింది.

మాతో పాటు ఇంకో నాలుగు జంటలు వచ్చాయి, అందరూ మా వయసులో సగం ఉంటారు. కోచ్ ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో, నల్లగా, గట్టిగా ఉంది. అందర్నీ మేడమ్, సార్ అంటూనే గదిమేస్తుంది. ఫోటోలో చేపల సంగతి నేను అడగనే అడిగాను.

"అది ఇక్కడి ఫోటో కాదు మేడమ్" అన్నది మొహమాటం లేకుండా. "మన నీళ్లలో ఏం కనపడదు. ఒండ్రు కదా. ఇక్కడ గొట్టంతో ఊపిరి తీసుకోవటం నేర్పిస్తాం. నేర్చుకుని ఏ అండమానో వెళ్తే అప్పుడు చూసుకోవచ్చు."

డబ్బు పెట్టి గుడ్డితనం కొనుక్కున్నామన్నమాట అని గొణిగాను. మా ఆడపడుచు వినపడనట్టు లైఫ్ జాకెట్ బిగించుకుంది.

కయాక్ అంటే ప్లాస్టిక్ పడవ, ఇద్దరం ముందూ వెనకా కూర్చున్నాం. మడచెట్ల మధ్య పాయలో మొదలుపెట్టి, పోటు తగ్గే వేళకి సముద్రం వైపు ఇసుక మేట దాకా వెళ్లాలి. తెడ్డుకి రెండు వైపులా రెక్కలుంటాయి. ఇద్దరూ ఒకేసారి ఒకేవైపు వేయాలి. నేను కుడి అంటే తను ఎడమ వేసేది, తను ఎడమ అంటే నేను అప్పటికే మానేసి ఉండేదాన్ని. రెండుసార్లు మడవేళ్లలోకి దూరిపోయాం.

"ఆడపడుచూ వదినా ఒకే పడవలో కూర్చుంటే ఇట్టాగే ఉంటుంది మేడమ్" అని వెనక నుంచి కోచ్ అరిచింది. చాలాకాలానికి నాకు నవ్వొచ్చింది. కాసేపటికి తెడ్లు కలిశాయి. నీళ్లు ఉప్పు వాసన వేశాయి. పాయ వెడల్పయింది. ఎదురుగా నదీ సముద్రమూ ఏది ఎక్కడ ఆగుతుందో తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి. ఆయన ఉంటే ఈ ఎండలో మాతో వచ్చేవారు కాదు, ఒడ్డున కారు బానెట్ ఎత్తి చూసుకుంటూ ఉండేవారు అనుకున్నాను.

ఇసుక మేటకి ఇవతల నీళ్లు ఛాతీ లోతే ఉన్నాయి, అలల్లేవు. అక్కడ దిగాం. కళ్లనీ ముక్కునీ కలిపి మూసేసే అద్దం పెట్టారు. గొట్టం చివరి రబ్బరు ముక్కని పళ్ల మధ్య కరిచి పట్టుకుని, మొహం నీళ్లలో పెట్టి, నోటితోనే ఊపిరి తీసుకోవాలి. గొట్టం పై కొస నీళ్లకి పైన ఉంటుంది. "భయమేస్తే నిలబడండి మేడమ్, కాళ్లకి నేల తగులుద్ది" అని చెప్పింది కోచ్.

మొహం పెట్టాను. కళ్లముందు టీ రంగు తప్ప ఏమీ లేదు. ఊపిరి పీల్చాను.

బుస్సుమన్నది. వదిలాను. హుస్సుమన్నది.

అదే చప్పుడు. ఫోన్లో విన్న చప్పుడు. ఈసారి బయట నుంచి కాదు, నా తల లోపలి నుంచి వస్తోంది. గబుక్కున నిలబడి గొట్టం పీకేశాను. మా ఆడపడుచు నీళ్లు చిమ్ముకుంటూ వచ్చింది.

"ఏంటి వదినా, నీళ్లు మింగావా?"

"మీ అన్నయ్య చప్పుడే అది. నాకు వద్దు. నేను ఒడ్డుకి పోతా."

తనకి అర్థమైంది. కోచ్ దగ్గరికొచ్చి, "చాలు మేడమ్, రెస్ట్ తీసుకోండి" అన్నది. నిజంగానే నాలుగడుగులు ఒడ్డు వైపు వేశాను. ఆగిపోయాను. ఇన్నాళ్లూ ఆ చప్పుడుని నేను ఒక్కసారే విన్నాను, దూరం నుంచి, ఏడుస్తూ. దాని లోపల మనిషికి ఎలా ఉంటుందో తెలుసుకునే వీలు మళ్లీ దొరకదు. భయంగానే ఉంది, కానీ ఆయన దాంట్లో రోజుల తరబడి ఉన్నారు. నేను కాసేపు ఉండలేనా?

"చెయ్యి వీపు మీద పెట్టి ఉంచు, తియ్యొద్దు" అని తనతో చెప్పి మళ్లీ మొహం పెట్టాను.

బుస్సు, హుస్సు. బుస్సు, హుస్సు. నేననుకున్నంత ఘోరంగా లేదు. ఊపిరి ఒక్కటే పనిగా ఉంది, మిగతా ప్రపంచం దూరంగా జరిగింది. వీపు మీద చెయ్యి తెలుస్తోంది. నీళ్ల మీంచి తన గొంతు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మెత్తగా వినిపించింది.

"వదినా, నేనిక్కడే ఉన్నా. వినపడతందా?"

నోట్లో గొట్టం. అవును అనలేను, వినపడుతోందనలేను. ఆలోచించకుండానే అన్నాను.

ఊఁ.

వీపు మీద చెయ్యి బిగుసుకుపోయింది. తర్వాత తన గొంతు, ఈసారి బాగా దగ్గరగా, వణుకుతూ.

"వదినా, ఇంకోసారి అను."

అప్పుడు నాకూ తట్టింది. వెంటనే అనలేదు. ముందు ఉత్త ఊపిరి తీశాను, నెమ్మదిగా, తర్వాత గట్టిగా, తర్వాత రొప్పుతున్నట్టు. బుస్సులూ హుస్సులూ వచ్చాయి గానీ దాంట్లోంచి ఊఁ రాలేదు. ఎలా వదిలినా రాలేదు. ఊఁ రావాలంటే గొంతు తెరవాలి, పోతున్న గాలిని ఒక్క క్షణం పట్టుకోవాలి. అది గాలి చేసే పని కాదు, మనిషి పూనుకుని చెయ్యాలి. కొంచెం సాగదీసి, చివర్లో కిందికి దించి, ఆయన అన్నట్టు అన్నాను.

లేచి నిలబడేసరికి మా ఆడపడుచు రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. గేటు బయట చెట్టు కింద కూడా తను అలా ఏడవలేదు.

"అదే వదినా. ఫోన్లో వచ్చింది అదే. అచ్చం అదే."

"నువ్వెప్పుడూ అన్నయ్యే అనేదానివిగా?"

"నీకోసం అన్నా. నేను నమ్మలా. ఒక్కరోజు కూడా నమ్మలా."

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నన్ను యోగాలకీ డాన్సులకీ తిప్పిన మనిషి తన వంతు ఎక్కడ దాచుకుందో నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి తీసుకున్నాను. లైఫ్ జాకెట్లు అడ్డం వచ్చి సరిగా పట్టుకోవడానికి కూడా కుదరలేదు. కోచ్ మమ్మల్ని చూసి ఏమనుకుందో, మిగతా వాళ్లని కాస్త దూరం తీసుకుపోయింది.

ఇది రుజువు కాదని నాకు తెలుసు. మత్తులో ఉన్న మనిషి మూలగడా అని డాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ మూలుగు నా మాట పూర్తయ్యేదాకా కాచుకుని ఉండదు. ఇన్నాళ్లూ నా బుర్ర అడ్డుపడింది ఒక్క మిషను పేరు చెప్పే. ఆ మిషను ఇవాళ పక్కకి తప్పుకుంది. నా క్లాసులో ఇలాంటి జవాబు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. నాకు మాత్రం నేను ఒప్పుకున్నాను.

భోజనంలో చేపల పులుసు పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు మా ఆడపడుచు దారి పొడుగునా అన్నయ్య గురించే చెప్పింది. చిన్నప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కాలవ గట్టున తిప్పడం, తన పెళ్లిలో ఒక్క మాటా మాట్లాడకుండా కుర్చీలు మోయడం. అన్నీ నాకు తెలిసినవే. నేను మధ్యలో అడ్డురాలేదు. కంకిపాడు వచ్చేదాకా ఊఁ కొడుతూ కూర్చున్నాను. కారు మా గేటు ముందు ఆగాక, తను స్టీరింగ్ వదలకుండా అడిగింది.

"అన్నయ్యకి తెలుసంటావా వదినా, మనం బయటే ఉన్నామని?"

"తెలుసు" అన్నాను. "చెప్పాను కదా, విన్నారు."