జెల్ల ముల్లు చెప్పిన సాక్ష్యం

కేన్సర్ మీద ఒక మహాసంగ్రామ గాథ చెబుతాను, సిద్ధంగా ఉండండి అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ జరిగినదాంట్లో ఎక్కువ భాగం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూడటమే. మధ్యలో ఒక చేప ఉంది.

మా అత్తయ్యగారిది కొల్లేటి ఒడ్డున మండవల్లి. మావయ్యగారు పోయాక తాడేపల్లిగూడెంలో మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ ఎవరినీ నమ్మరు. చేపల బజారులో ప్రతి చేప మొప్పలూ ఎత్తి ఎరుపు చూస్తారు, ఆ ఎరుపు రంగేమోనని వేలితో రుద్ది మరీ కొంటారు. నన్ను కూడా సుమారుగా అలాగే చూసి పిల్లనిచ్చారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆవిడ మొప్పలెత్తకుండానే చేప తీసుకున్నారు. బేరమూ ఆడలేదు. అడిగితే ఓపిక లేదన్నారు. అమ్మకి ఏదో అయిందని నా భార్య సునీత భయపడింది. ఇవాళ బజారువాడి పంట పండిందని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. విరేచనంలో రక్తం పడుతున్న సంగతి ఆవిడకు ముందే తెలుసట. బీట్‌రూట్ మీద అనుమానపడి ఆ కూర వండటం మానేశారు. ఏలూరు ఆసుపత్రిలో కొలనోస్కోపీ, బయాప్సీ, సీటీ స్కాన్ అన్నీ అయ్యాయి. పెద్దపేగు కేన్సర్, లివర్‌కి కూడా పాకింది. స్టేజ్ ఫోర్.

కీమోతో పాటు బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తామన్నారు డాక్టరుగారు. గడ్డ పెరగడానికి తనకోసం కొత్త రక్తనాళాలు తెచ్చుకుంటుందట, ఈ మందు వాటిని రానివ్వదట. అంటే చేపలకి మేత ఆపేసినట్టన్నమాట అని నేను అత్తయ్యగారికి చెరువుల భాషలో చెప్పాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు.

“పోద్దాండీ?” అని డాక్టరుగారినే అడిగారు.

“పూర్తిగా పోతుందని చెప్పలేనమ్మా. అదుపులో ఉంచడానికి చూస్తాం.”

నిజం చెప్పిన ఆ మనిషిని ఆవిడ ఆ క్షణం నుంచే అనుమానించడం మొదలుపెట్టారు.

కీమో మీద ఆవిడకు గురి కుదిరింది. వాంతులయ్యాయి, చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. మందంటే అలా ఉండాలి. ఈ రెండో ఇంజెక్షన్ మాత్రం ఎక్కినట్టే తెలియదు. నర్సమ్మ చూడనప్పుడు మందు కలిపిన సెలైన్ సంచీని వెలుతురుకి ఎత్తి చూశారు. రంగు లేదు, నురగ లేదు.

“నీళ్లండి అల్లుడుగారూ,” అన్నారు మెల్లగా. “మీరు చదువుకున్నారు గదా, కనిపెట్టలేకపోయారా?”

తర్వాత బీపీ పెరిగింది. ఈ మందుకి పెరుగుతుందని డాక్టరుగారు మాత్ర రాశారు. నావల్ల పెరిగిందని అత్తయ్యగారు తేల్చారు. ముక్కులోంచి రక్తం కారితే ఎండన్నారు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర, ఇకమీదట ఆ ఇంజెక్షన్ వద్దని ప్రకటించారు. నీళ్లెక్కించుకోవడానికి ఏలూరు దాకా ఎందుకు, మన కుళాయి లేదా అన్నారు. సునీత అన్నం ముందు నుంచి లేచిపోయింది. మళ్లీ స్కాన్‌కి ఇంకా టైముంది. ఆ మందు పనిచేస్తోందని చెప్పడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అప్పుడొచ్చింది చేప. ఎవరు శుభ్రం చేసినా నమ్మకం లేదు కాబట్టి, ఓపిక లేకపోయినా కత్తిపీట ముందు ఆవిడే కూర్చున్నారు. జెల్ల చేప రెక్క ముల్లు బొటనవేలి కింద దిగింది. చిన్న గాయం. చిన్నప్పటి నుంచీ అలాంటివి ఎన్నో దిగాయట, పసుపు పెడితే మానిపోయేవట. ఇది మానలేదు. ఆ చేతిని కొంగులో దాచుకుని తిరిగారు. చలిజ్వరం వచ్చాకే మాకు తెలిసింది.

డాక్టరుగారు గాయం చుట్టూ నొక్కారు. షుగర్ చూశారు, లేదు. ఆసుపత్రిలో ఉంచి యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. గాయం మానాలన్నా కొత్త రక్తనాళాలే కావాలని, ఈ ఇంజెక్షన్ గడ్డకీ గాయానికీ తేడా చూడదని చెప్పారు.

అత్తయ్యగారు జ్వరంలోనే లేచి కూర్చున్నారు.

“అయితే లోపలికెళ్లింది మందేనన్నమాట.”

“మందేనమ్మా. పుండు మానేదాకా ఆపుతున్నాను.”

“ఇప్పుడాపుతారేంటండీ? నీళ్లనుకున్నన్నాళ్లూ ఎక్కించి?”

చెయ్యి మానడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో లోపలి గడ్డ మళ్లీ మేత మొదలుపెట్టిందేమోనని నా భయం. రోజూ పొద్దున్నే ఆ బొటనవేలి వైపు చూసేవాణ్ణి. కట్టు నేను దొంగచాటుగా విప్పి చూస్తున్నానని ఆవిడ సునీతకి ఫిర్యాదు చేశారు.

గాయం మానాక మందు మళ్లీ మొదలైంది. స్కాన్‌లో లివర్ మచ్చలు చిన్నవయ్యాయి, కొత్తవి లేవు. అత్తయ్యగారు ఫిల్మ్ చేతిలోకి తీసుకుని మూలనున్న పేరు చూశారు, వయసు చూశారు, వేలితో రుద్ది చూశారు.

“ఇది నాదేనాండీ?”

నేను జోకు వేయలేదు. దాంతో సునీతకి అనుమానమొచ్చి, రిపోర్టు తనే లాక్కుని చదివింది.

జబ్బు పోలేదు, అదుపులో ఉంది. ఏలూరు వెళ్తున్నాం, కుర్చీల్లో కూర్చుంటున్నాం, బీపీ, యూరిన్‌లో ప్రోటీన్ చూపించుకుంటున్నాం. ఈ మందు మీదున్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. పన్ను పీకించుకోవాలన్నా, ఏ చిన్న ఆపరేషన్ అన్నా ముందు మీ కేన్సర్ డాక్టరుకి చెప్పండి. గాయమైతే దాచకండి.

అత్తయ్యగారు ఇప్పుడు రబ్బరు గ్లవ్స్ వేసుకుని చేపలు కోస్తున్నారు. మొప్పలు చూసేటప్పుడు మాత్రం ఒక చేతిది తీసేస్తారు. గ్లవ్స్ తిరగేసి ఆరబెట్టాలి. లేకపోతే కంపు కొడతాయి.