మూడో పూట పాలు

నా చిన్నప్పుడు ఒక సోమవారం, గాజువాకలో ఒక ఫైనాన్స్ ఆఫీసు గుమ్మంలో మా తాతయ్య రెండు రూపాయల కోసం పూటంతా కూర్చున్నాడు. పక్కన నేను. నా ఒళ్లో ఆ ఆఫీసువాళ్లే ఇచ్చిన చేప ఆకారపు రేకు హుండీ. మేనేజరు గారు లేరని, రేపు రమ్మని చెప్పేసి, గుమాస్తా ఫ్యాను కింద కూర్చుని మమ్మల్ని చూడనట్టు ఊరుకున్నాడు. తాతయ్య పంచె మోకాళ్ల మీదికి లాక్కుని చుట్ట వెలిగించాడు. "పర్లేదు బావూ, నానిక్కడే కూకుంటాను. రెండు రూపాయలకి మేనేజరేటి, సొరుగు తీత్తే సాలదా?" అన్నాడు. దారిన పోయేవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎండ గుమ్మంలోకి వచ్చాక లేచి కండువా దులుపుకున్నాడు. రెండు రూపాయలు రాలేదు. అయినా ఆయన మొహంలో కోపం లేదు. నెత్తి మీది మోపు దించుకున్నవాడిలా తేలిగ్గా నడిచాడు. ఎందుకో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

ఉక్కు ఫ్యాక్టరీకి మా ఊరి పొలాలు ఇచ్చేశాక మేం గాజువాక పక్కన కాలనీకి వచ్చాం. మా నాన్న నా మూడో ఏటే పోయాడు. ఆయన వాటా భూమికి వచ్చిన పరిహారం నాది. అది తప్ప అమ్మకీ నాకూ వేరే ఆధారం లేదు. నాకు బుద్ధొచ్చేదాకా ఆ సొమ్ము ఎక్కడ ఉంచాలన్నదే తాతయ్య దిగులు. పొలమైతే ఎవరూ ఎత్తుకుపోలేరు. నోట్లతో ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు. రేకు పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీదే తల పెట్టుకుని పడుకునేవాడు.

అప్పుడే కాలనీలోకి ఆ ఫైనాన్సు ఏజెంట్లు దిగారు. పిల్లల పేర పుస్తకం, ఐదేళ్లకి రెట్టింపు, పైగా పిల్లకో రేకు చేప. మా పక్కింటి అక్క కుట్టుమిషను కోసం దాచుకున్నదంతా మొదటి రోజే కట్టేసింది. నేను చేప కోసం ఏడ్చాను. పోస్టాఫీసులో చేపలూ లేవు, రెట్టింపూ లేదు. అక్కడి గుమాస్తా తల ఎత్తి కూడా చూసేవాడు కాదు.

తాతయ్య రెండు చోట్లా నా పేర పుస్తకాలు తీశాడు, పదేసి రూపాయలతో. నాకు చేప వచ్చింది. "పెట్టెడు సొమ్ము పెట్టుకోని ముసలోడు పది రూపాయల్తో ఆటలాడతన్నాడు" అని కాలనీ అంతా ఆటపట్టించింది. ఆయన మాత్రం వరసగా ప్రతి సోమవారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, రెండు చోట్లా రెండేసి రూపాయలు తీసేవాడు.

మొదటి సోమవారం ఫైనాన్సువాళ్లు నవ్వుతూ ఇచ్చారు, నాకు గోలీసోడా కూడా తాగించారు. పోస్టాఫీసులో వేలిముద్ర వెయ్యమన్నారు, సాక్షిని తెమ్మన్నారు. తాతయ్య ఎదురుగా ఉన్న టీ కొట్టాయన్ని బతిమాలి తీసుకొచ్చాడు. గంట పట్టింది, డబ్బు చేతికొచ్చింది. రెండో సోమవారం ఫైనాన్సులో సోడా లేదు, విసుగు మాత్రం ఉంది. పోస్టాఫీసులో మళ్లీ అదే వేలిముద్ర, అదే సాక్షి, అదే గంట, అవే రెండు రూపాయలు. మూడో సోమవారం ముందు పోస్టాఫీసు పని చూసుకుని ఫైనాన్సుకి వెళ్లాం. అక్కడ జరిగింది ముందే చెప్పాను.

ఇంటికి నడుస్తుంటే చెప్పాడు. "ఒక పూట పిండకుండా ఆపేత్తే ఏ గేదె పొదుగైనా నిండుగానే అవుపిస్తాది అమ్మీ. సంతలో దాన్ని సూసి డబ్బిచ్చినోడు ఎర్రిబాగులోడు. మూడు పూటలు మన సేత్తో పిండుకోని సూడాల." మా ఊళ్లో పాడి గేదెని కొనే ప్రతివాడూ అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లి మూడు పూటలు పాలు పిండి చూసుకునేవాడు. ఆయనకి చదువు రాదు. తెలిసిన ఆ ఒక్క పరీక్షనే ఆఫీసులకీ పెట్టాడు.

మర్నాడే పెట్టెలోని సొమ్ము పోస్టాఫీసుకి చేరింది. ఆ రోజు నుంచి తాతయ్య తల కిందికి దిండు వచ్చింది. ఏడాది తిరక్కుండా ఫైనాన్స్ ఆఫీసుకి తాళం పడింది. కాలనీ అంతా ఆ తలుపు ముందు చేరి గోలపెట్టిన రోజున అమ్మ నన్ను దగ్గరకి లాక్కుని నా తల నిమురుతూ కూర్చుంది. నా టీచరు ట్రైనింగు చదువు ఆ పోస్టాఫీసు పుస్తకం మీదే నడిచింది.

ఈమధ్య మా మనవరాలి పేర ఖాతా తీద్దామని మా అమ్మాయి ఫోన్లో బ్యాంకుల వడ్డీలన్నీ చూపించింది. ఎవరెంత ఇస్తారో అందరూ రాశారు, ఎలా తిరిగిస్తారో ఎవరూ రాయలేదు. దగ్గర్లోని బ్యాంకులో ఐదొందలతో మొదలుపెట్టి, వారానికి వంద చొప్పున తీశాను. "ఏటి మామ్మగారూ, మాకు పరీక్షలా?" అని కౌంటర్లో అమ్మాయి నవ్వింది. మూడోసారీ నోటు చేతిలో పడ్డాక గానీ నేను నవ్వలేదు. ఆ తర్వాతే, పిల్ల కోసం దాచింది మొత్తం అక్కడ వేసి, ఆటోలో హాయిగా కళ్లు మూసుకుని ఇంటికొచ్చాను.

ఎక్కడ డబ్బు వెయ్యాలన్నా నా చెయ్యి ఇప్పటికీ ముందుగా డబ్బు వెనక్కి తీసుకునే కాగితాన్నే వెతుకుతుంది. నిలవ ఆరు రూపాయలు అని రాసిన ఆ ఫైనాన్సు పుస్తకం, రంగు పోయిన రేకు చేప నా బీరువాలో ఉన్నాయి. పక్కింటి అక్క కుట్టుమిషను మాత్రం ఎన్నేళ్లయినా రాలేదు. మూడో సోమవారం సంగతి తాతయ్య ఆమెకి చెప్పాడో లేదో, చెప్పినా ఆమె విన్లేదో నేను అడగలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఇద్దరూ లేరు.