కొబ్బరినూనె రాసుకున్నాకే దాగుడుమూతలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాలేదు. గుంటూరు నుంచి గంట బస్సు దూరంలో ఒక మిరప ఊళ్ళో విద్యా వలంటీరుగా చేరాను. చేరగానే శిక్షణ అన్నారు. ఆటలతో పిల్లల మనసు ఎలా వికసిస్తుందో మూడు రోజులు కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పారు. ఆ మూడు రోజుల్లో మేం కదిలింది టీకి మాత్రమే.

బడిలో చివరి పీరియడు దాగుడుమూతలు పెట్టాను. మూడో తరగతిలో ఒక పిల్ల నోరు విప్పేది కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఇలాంటి పిల్లలకు పెద్దరికం ఇవ్వమని శిక్షణలో చెప్పారు కదా అని ఆమెనే తల్లిని చేశాను. దొంగ కళ్ళు మూసేది తల్లే. దొంగ ఐదో తరగతి కుర్రాడు. ఆమె కళ్ళు మూయగానే వాడు పెట్టిన కేక ఊరి బస్టాండుదాకా వినపడిందట.

మిరపకాయల రోజులవి. ఆ పిల్ల పొద్దున్నే వాళ్ళమ్మతో కల్లానికెళ్ళి, ఆరబోసిన కాయలకు తొడిమలు తీసి, చేతులు కడుక్కుని బడికొచ్చేది. ఆ మంట నీళ్ళతో పోదని ఊళ్ళో పసిబిడ్డకు కూడా తెలుసు. శిక్షణ పొందింది నేనొక్కణ్ణే.

మర్నాటి నుంచి, "ఒరేయ్, మంటచేతుల్ది వస్తంది, పరిగెత్తండ్రా!" అని పిల్లలు మొదలెట్టారు. తొడిమలు తీసే చేతులు బడిలో ఇంకా చాలా ఉన్నాయి. దొరికింది ఈమె.

గురువారం వాళ్ళమ్మ వచ్చింది. "దీన్ని ఎవరూ ఆటకి రానియ్యట్లేదంటండి. గోడకి ఆనుకుని కూర్చోడానికి బడెందుకండీ? సోమవారం నించి నాతోపాటే కల్లానికి తీసుకెళ్తా." ఆమె గొంతులో కోపం కూడా లేదు. నాకు భయం వేసింది అందుకే.

"సోమవారం దాకా ఆగండమ్మా" అన్నాను. ఆగితే ఏం చేస్తానో నాకు తెలియదు. శిక్షణ నోట్సులో వెతికాను, అందులోనూ లేదు.

ఆ సాయంత్రం దొంగగా నేనే కూర్చుని, "తల్లివి నువ్వేనమ్మా, రా" అన్నాను. ఆ పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది.

"వద్దండీ సార్, కళ్ళు పోతాయండీ!" అన్నాడు ఐదో తరగతి కుర్రాడు. అనుభవం ఉన్నవాడు.

"నాకు కళ్ళజోడుందిరా" అని, దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాను.

చిన్న చేతులు, వెచ్చగా వచ్చి కళ్ళమీద ఆనాయి. కాసేపటికి వెచ్చదనం హద్దు దాటింది. నవ్వుతూనే ఉందామనుకున్నాను గానీ ముఖం సహకరించలేదు.

"ఒరేయ్, సారు ఏడుస్తన్నాడ్రా!"

"ఏడుపు కాదురా, చెమట."

"కళ్ళకి చెమటేందండీ?"

అప్పుడు నా తల వెనక నుంచి, ఆ బడి ఎప్పుడూ వినని గొంతు ఒకటి విసుగ్గా వచ్చింది. "నీళ్ళు కొట్టమాకండి సార్, ఇంకా మండుద్ది. రెప్పల మీద కొబ్బరినూనె రాయాల. చేతులకైతే ముందు నూనె, ఆనక సబ్బు. మీకెవరూ చెప్పలేదా?"

"లేదమ్మా" అన్నాను. మూడు రోజులు చెప్పారు గానీ ఇది చెప్పలేదు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె తన జడకు రాసుకునే నూనె సీసా తెచ్చిచ్చింది. మర్నాడు ఆ సీసా పట్టుకుని ఆ పిల్ల బోరింగు దగ్గర నిలబడింది. నూనె, సబ్బు అయ్యాక వేళ్ళు వాసన చూసి, ఒక్కొక్కరినే ఆటకు వదిలింది. ఐదో తరగతి కుర్రాడి దగ్గర ఆగింది.

"ఏరా, నీయి కూడా మంటచేతులేగా! పో, మళ్ళీ రాసుకో."

వాడు నోరు మూసుకుని రాసుకున్నాడు.

సోమవారం వాళ్ళమ్మ కూతురికోసం గేటు దగ్గరకొచ్చింది. బోరింగు దగ్గర వరసలో ఇరవైమంది చేతులు చాచి ఉన్నారు. పిల్ల తలైనా తిప్పకుండా, "నువ్వు పో అమ్మా, నాకిక్కడ పనుంది" అంది.

ఆమె నా వైపు చూసింది. "ఇంట్లో ఇంత నోరు లేదండీ దీనికి" అని, కొంగు నడుముకు దోపుకుని, కల్లం వైపు ఒక్కతే వెళ్ళిపోయింది.