మాట అందిస్తేనే

సీరియల్లో నేను కోమాలోకి పోయి చాలా నెలలైంది. ఉగాదికి ముందు మెట్ల మీద నుంచి పడ్డాను, బతుకమ్మ దాటినా లేవలేదు. రోజూ పొద్దున ఎల్బీ నగర్ చౌరస్తాలో కంపెనీ వ్యాన్ ఎక్కి, ఊరవతల షూటింగుకు తీసుకున్న బంగళాలో దిగుతాను. పట్టుచీర కట్టి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, ముక్కుకు గొట్టం అతికిస్తారు. మంచమెక్కి కళ్లు మూసుకుంటాను. నా చుట్టూ నా కోడళ్లు కొట్లాడుకుంటారు. కోమాలో ఉన్న మనిషికి పట్టుచీర ఎందుకని మొదట్లో అడిగాను. పెద్దింటి అత్తగారు కదమ్మా అన్నారు. మళ్లీ అడగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పండ్ల బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. "అమ్మా, ఎప్పుడు లేస్తవు? నీ చిన్న కోడలు ఇల్లంత ఆగం జేస్తున్నది" అంటారు. జవాబు చెబితే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. టీవీలో వినిపించే గొంతు నాది కాదు మరి. నాది నల్లగొండ పక్క పల్లె. నా యాస పెద్దింటికి పనికిరాదని కోస్తా ఆవిడ ఎవరితోనో డబ్బింగ్ చెప్పిస్తారు. ఆమెను నేను ఇంతవరకు చూడలేదు. కానీ నా కొడుకులను తిట్టేదీ, నా మొగుడు పోతే ఏడ్చేదీ ఆమే.

ఒకప్పుడు నా గొంతుకు కొదవ లేదు. మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకానికి మరియమ్మ వేషం వేసినప్పుడు మధ్యలో కరెంటు పోయింది. మైకు లేకుండానే చివరి చాప మీద కూర్చున్న ముసలమ్మల దాకా వినిపించాను. హైదరాబాదు వచ్చాక చంపాపేటలో ఒక సార్ నడిపే నాటక సమాజంలో చేరాను. సార్‌కు ఒక మొండిపట్టు. తెర చాటు నుంచి మాట అందించే మనిషిని స్టేజీ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. "మర్చిపోతె ఆడనే నిలబడు. మాట నీ లోపలికెళ్లే రావాలె" అనేవారు. నిలబడేదాన్ని. వచ్చేది. ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు, నాకు ఒళ్లు పులకరించేది.

సీరియల్ పద్ధతి వేరు. ఆ రోజు డైలాగులు ఆ పొద్దునే వస్తాయి, బట్టీ పట్టే తీరిక ఎవరికీ ఉండదు. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు పిల్ల ఒక్కో ముక్కా గట్టిగా చదువుతుంది. మనం విని, అదే ముక్క ముఖంలో భావం పెట్టి అప్పజెప్పాలి. మొదట్లో తల కొట్టేసినట్టుండేది. పోను పోను హాయిగా అనిపించింది. ఆ హాయే నా కొంప ముంచింది.

దసరా ముందు ఒక రోజు నేను మంచం మీద కోమాలో ఉన్నాను. ఆ పిల్ల చిన్న కోడలి డైలాగు చదివింది, "ఈ ఇంట్లోంచి నన్నెవరూ పంపలేరు" అని. చిన్న కోడలు నోరు తెరిచేలోపే మూసిన కళ్లు తెరవకుండానే నేను అనేశాను, "ఈ ఇంట్లోంచి నన్నెవరూ పంపలేరు" అని. సెట్టంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. వ్యాన్‌లో వెనక్కి వస్తుంటే మాత్రం నవ్వు రాలేదు, భయమేసింది.

ఆ వారమే సార్ ఫోన్ చేశారు. కొత్త నాటకం, బీడీలు చుట్టే ముసలామె కథ. "అంత మన యాసలనే ఉన్నది. నువ్వు తప్ప ఎవరు జేస్తరు?" అన్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు, అంత సంతోషం. నా గొంతుతో, నా మాటతో మళ్లీ జనం ముందు నిలబడాలని ఎంత ఆకలిగా ఉన్నానో అప్పుడు తెలిసింది. నా పాత్ర మాటలన్నీ వ్యాన్‌లో చదువుకునేదాన్ని, కోమాలో నెమరేసుకునేదాన్ని. ఆ మంచం అందుకైనా పనికొచ్చింది. రిహార్సల్ నాటికి అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది.

చంపాపేట హాలులో నడిమధ్య నిలబడ్డాను. నోరు పెగల్లేదు. మర్చిపోలేదు, మాటలన్నీ కళ్ల ముందే ఉన్నాయి. కానీ నా చెవి ఎదురుచూస్తోంది, ఎవరో ఒకరు ముందు అనాలని. చాలాసేపు చూసి, ఎన్నడూ ఆ పని చేయని సార్ మొదటి ముక్క అందించారు. అద్భుతంగా చెప్పాను. ఆగిపోయాను. రెండోది అందించారు. అట్లా చివరిదాకా లాగాము. కుర్ర నటులు చప్పట్లు కొట్టారు. సార్ కొట్టలేదు. "ఆదివారం దాక జూస్త బిడ్డా. అప్పటికి నీ అంతట నువ్వు మొదలువెట్టాలె. లేకుంటె వేరేటోళ్లను జూసుకుంట" అన్నారు.

గురువారం సీరియల్లో నేను లేవాలి. ఒకే ఒక్క డైలాగు, "నేనెక్కడున్నాను?" అసిస్టెంటు పిల్లను పక్కకు పిలిచి, "చెల్లె, గీ ఒక్క మాట చదవకు. నేనే అంట" అని బతిమాలాను. సరేనంది. ఈ రెండు మాటలు నా అంతట నేను అంటే ఆదివారం గండం గడుస్తుందని నా నమ్మకం. కెమెరా తిరిగింది. కళ్లు తెరిచాను. కోడళ్ల ముఖాలు నా మీదికి వంగాయి. మాట రాలేదు, నా చెవి మళ్లీ ఆ పిల్ల గొంతు కోసమే చూస్తోంది. పెదవులు వణికాయి, కన్నీళ్లు కారాయి. అది నటన కాదు, బెదిరిపోయాను.

డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. "అదిరిందండీ! ఇక డైలాగే వద్దు. షాక్‌కి మాట పడిపోయిందని పెడదాం, కథ ఇంకో ఏడాది లాగొచ్చు" అన్నాడు. ఆ డబ్బింగ్ ఆవిడకు కూడా ఇక నాతో పని లేదు.

శనివారం అది టీవీలో వచ్చింది. కింది వాటాలో ఉండే గుంటూరు ఆంటీ మెట్ల దగ్గరే ఆపేసింది. "ఏం చేశారండీ బాబూ! మాట రాక మీరు గింజుకుంటుంటే నా కడుపు తరుక్కుపోయిందనుకోండి. నిజంగా రానట్టే ఉంది!" తల ఊపి పైకి వచ్చేశాను.

ఆదివారం మంచి చీర కట్టుకుని బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి, పోయాయి. ఒక్కటీ ఎక్కలేదు. ఫోన్ మోగింది, సార్.

"ఏడున్నవు? అందరొచ్చిన్రు. వస్తున్నవా, వస్తలేవా?"

వస్తున్న అనాలనే ఉంది. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. సార్ కూడా ఫోన్ పెట్టెయ్యలేదు. చాలాసేపు చూసి, చివరికి మెల్లగా అన్నారు.

"వస్తలేను అను బిడ్డా."

"వస్తలేను" అన్నాను.